ఎడమవైపు చూడాలి

"కిటికీ తల్లి వేషం ఇక నీదేనమ్మా" అని కబురు వచ్చేసరికి ఆమె పాపకు తడిగుడ్డ మారుస్తోంది. పళ్ళ మధ్య పిన్నీసు ఉంది. పైకి ఏదైనా అంటే అది ఎక్కడ గొంతులోకి జారుతుందోనని భయం. అందుకని కళ్ళు మాత్రం పెద్దవి చేసింది.

కబురు తెచ్చింది పుస్తకం తాత. ఆ నాటకాల కంపెనీలో ఎవరు ఎప్పుడు రంగం మీదికి రావాలో, ఏ దీపం ఎప్పుడు ఆరాలో, అన్నీ ఆయన చంకలోని లావుపాటి పుస్తకంలో ఉంటాయి. ముప్ఫై ఏళ్ళుగా అదే పుస్తకం. అట్ట మూడుసార్లు మార్చారు. తాతను మాత్రం మార్చలేదు.

"ఇప్పుడు ఆ వేషం వేస్తున్నావిడకి గొంతు పూడుకుపోయింది. నెలరోజులు నోరు విప్పొద్దన్నాడట డాక్టరు. ఆదివారం మధ్యాహ్నం ఆట నుంచి నువ్వే."

ఆమె పిన్నీసు తీసింది. "నేనా తాతా? నేను గుంపుపాటలో మూడో వరసదాన్ని."

"మొదటి వరసలోంచి తీస్తే కన్నం కనిపిస్తుంది. మూడో వరసలోంచి తీస్తే ఎవరికీ తెలీదు." తాత మాట అలాగే ఉంటుంది. పొగడ్తో తిట్టో రెండు రోజులకు గానీ అర్థం కాదు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ తిరిగాడు. "ఆదివారం పెద్ద కంపెనీ నుంచి మనిషి వస్తున్నాడు. ఈ సంగతి నేను నీకు చెప్పలేదు."

ఆమెను అక్కడ అందరూ చంటమ్మ అంటారు. ఏడు నెలల చంటిదాన్ని వెంటేసుకుని సాధనకు వస్తుంది కాబట్టి చంటమ్మ. ముందు వెక్కిరింపుగానే మొదలైంది, తర్వాత అదే పేరైపోయింది. పాపను భుజాన వేసుకుని ఆమె మెట్ల దగ్గరికి వెళ్ళింది. ఆ గోడ మీద మూడు ఫోటోలున్నాయి. ఒకావిడ సినిమాల్లోకి వెళ్ళింది. ఒకావిడ సొంత కంపెనీ పెట్టింది. మూడో ఆవిడ పాట బస్సుల్లో, సెలూన్లలో, ఫోన్లలో ఎక్కడ చూసినా మోగుతుంది. ముగ్గురూ అంతకుముందు చేసింది ఒకే వేషం. మూడు గంటల నాటకంలో నాలుగు నిమిషాలు. రేవు పట్నం వీధి, వెనక ఎత్తుమీద చిన్న కిటికీ, అందులో ఒక తల్లి ముఖం, రెండు చేతులు, గుడ్డల మూట లాంటి బిడ్డ. నాలుగు చరణాల జోలపాట, చరణానికి ఒకే పాదం. పాడి కిటికీ మూసేస్తుంది, అంతే. ఆవగింజంత వేషం. ఆ ఆవగింజలోంచే మూడు మానులు మొలిచాయి.

"ఏమే, ఫోటోకి మేకు ఎక్కడ కొట్టాలో చూసుకుంటున్నావా?" అంటూ వచ్చింది పొడుగమ్మాయి. గుంపుపాటలో చంటమ్మ పక్కనే నిలబడుతుంది. తన ఎత్తు వల్ల వెనక వాళ్ళు కనపడరని రోజూ తిట్లు తింటుంది.

"నోరు మూసుకో. దిష్టి."

"దిష్టి కాదు గానీ, ఒక మాట చెప్తాను విను. పాట మధ్యలో ఆగుతారు చూడు, అప్పుడు గోడ ఏడుస్తుంది."

"ఏ గోడ?"

"రంగం వెనక గోడ. సన్నగా, ముక్కుతో మూలిగినట్టు. అందరికీ వినపడదట. ఇప్పుడు గొంతు పోయినావిడ రెండేళ్ళు చేసింది, ఒక్కసారీ వినలేదు. ఈ ముగ్గురికీ వినపడింది. పియానో మాస్టారు చెప్పారు. గోడ ఏడిస్తే పాత్ర పట్టినట్టే."

చంటమ్మ నవ్వేసింది. కానీ పాప తలను అరచేత్తో కప్పుకుంది, ఎందుకో.

*

గురువారం నేర్పారు. పియానో మాస్టారు ముందు పాట వాయించాడు. తర్వాత ఆమె పాడింది.

*నిదురపోవే చిట్టి తల్లీ, నీడ వాలే వేళాయే*
*నీళ్ళ మీద నాన్న పడవ నెమ్మదిగా మరలాయే*
*ఎవరివో ఆ అడుగు సవ్వడి, ఎవరు మెట్లు ఎక్కేరే*
*గాలి తల్లీ, గాలి అంతే, గడప దాటి ఎవరు రారే*

"మూడో చరణం తర్వాత నాలుగు మాత్రలు ఆగాలి" అన్నాడు మాస్టారు.

"నీళ్ళతో మింగాలా, ఉత్తినే మింగాలా మాస్టారూ?" అని కింద నుంచి పొడుగమ్మాయి అడిగింది. గుంపంతా నవ్వింది. డైరెక్టరు నవ్వలేదు. ఆయన బక్కపలచని మనిషి, మెడలో ఎప్పుడూ ఒక మఫ్లరు. నవ్వితే అది జారిపోతుందన్నట్టు ఉంటాడు.

"ఆగి ఎడమవైపు చూడాలి. అది ఈ నాటకానికి ప్రాణం. జనం ఆ చూపు కోసం వస్తారు. ఊఁ, కానివ్వు."

ఆమె పాడింది, ఆగింది, ఎడమవైపు చూసింది. ఎడమవైపు నల్ల తెర, తెర చాటున ఖాళీ నేల, ఇసుక బకెట్టు.

"బస్సు కోసం చూస్తున్నట్టుంది. మళ్ళీ."

మళ్ళీ చూసింది.

"ఇప్పుడు బస్సు వెళ్ళిపోయినట్టుంది."

ఏడుసార్లు చూసింది. మెడ పట్టేసింది. చివరికి ధైర్యం చేసి, "సార్, అక్కడ ఏముందని చూడాలి?" అని అడిగింది.

డైరెక్టరు ఆ ప్రశ్న తనను ఎవరూ ఎప్పుడూ అడగనట్టు చూశాడు. "ఏముందంటే? మొగుడు రాలేదేమో, పోలీసులు వస్తున్నారేమో. ఏదో ఒకటి పెట్టుకో. నాకంటే ముందు నుంచీ అలాగే చేస్తున్నారు. తాతా, చూపించు."

పుస్తకం తాత పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు. మూడో చరణం పక్కన పాత పెన్సిల్ రాత. మసకబారింది. *ఇక్కడ ఆగాలి. ఎడమవైపు చూడాలి. తర్వాత చివరి చరణం రెండుసార్లు.* చదువు ఎనిమిదితో ఆగిపోయినా ఆమెకు గొలుసుకట్టు రాత బాగానే వచ్చు. రెండుసార్లు చదివింది. ఆ రాతలో ఎక్కడా 'ఎందుకు' అనేది లేదు.

"ఇది నువ్వు రాసిందేనా తాతా?"

"నా చెయ్యే" అన్నాడాయన, పుస్తకం మూస్తూ. "చూసింది రాసుకున్నాను. నాకు అదే పని."

ఇంటికి వచ్చాక పాపను మంచం మీద పడుకోబెట్టి, అద్దం ముందు ఎడమవైపు చూడటం నేర్చుకుంది. మొగుడు దూరపు బస్సు నడుపుతాడు, శనివారం వెళ్తే మంగళవారం వస్తాడు. పక్కవాటాలో ఉండే ఆడపడుచు ఇన్నాళ్ళూ ఆటల వేళ పాపను చూసేది, ఇప్పుడు తనకూ పని దొరికింది.

"ఆదివారం నాకూ డ్యూటీయే వదినా" అంది, గుమ్మంలోనే నిలబడి. "పోనీ ఒక్కపూట వేషం మానెయ్యి. నాలుగు ముక్కల పాటకి ఇంత రభసా?"

"నాలుగు ముక్కలే" అంది చంటమ్మ. అద్దంలో తన ముఖం అంత ఉత్తిదిగా ఎందుకుందో తెలియలేదు.

*

శుక్రవారం బట్టలు సరిచూడటానికి బట్టల పిన్ని గదికి వెళ్ళింది. రంగానికి ఎడమవైపు, నడవలో ఉంటుంది ఆ గది. బట్టల పిన్నికి అరవై దగ్గర పడ్డాయి. ఎడమచేతి మణికట్టుకు గుండుసూదుల దిండు కట్టుకుని తిరుగుతుంది. యాభై మంది నడుము కొలతలు నోటికొచ్చు. ఎవరు ఎన్నాళ్ళకు లావయ్యారో, ఎందుకయ్యారో కూడా వచ్చు, కానీ చెప్పదు.

"చెయ్యెత్తు. ఊపిరి బిగబట్టకు, పాడేటప్పుడు కుట్టు ఊడుతుంది."

కిటికీ తల్లి గౌను బూడిద రంగుది. ఎందరో తొడిగిన బట్ట, చంకల్లో కుట్టు మీద కుట్టు. పిన్ని ఆ కుట్లు విప్పుతూ ఒక్కసారి కూడా చంటమ్మ ముఖంలోకి చూడలేదు. సూది చూసింది, దారం చూసింది, అంచు చూసింది.

పాప కింద దుప్పటి మీద బోర్లాపడి దారపు ఉండను చప్పరిస్తోంది. గోడ వారగా బట్టల పెట్టెలు పదకొండు, నిలువెత్తు మనిషి పట్టేంతవి. ఒక్కదానికీ మూత లేదు. మూత ఉండాల్సిన చోట మడతబందుల గుర్తులు, తుప్పు పట్టిన మేకుల కన్నాలు. దుమ్ము పడకుండా పైన పాత దుప్పట్లు కప్పి ఉన్నాయి.

"వీటికి మూతలేవి పిన్నీ?"

"పీకేశాను."

"అన్నిటికీనా?"

"బట్టలకి గాలాడాలి. కదలకు, గుచ్చుకుంటుంది."

చంటమ్మ మనసు ఆదివారం చుట్టూ తిరుగుతోంది. పాపను ఎక్కడ ఉంచాలి? వేషాల గదిలో పిల్లలను ఉంచకూడదని డైరెక్టరు కాగితం అంటించాడు. ఇన్నాళ్ళూ ఆటల వేళ ఆడపడుచు ఉంది కాబట్టి నెట్టుకొచ్చింది. ఇప్పుడు అలా కుదరదు. పిన్ని కత్తెర కోసం అటు తిరిగిన వేళ ఆమెకు ఒక ఉపాయం తట్టింది. ఈ పెట్టెల్లో ఒకటి రంగం పక్కకు జరిపిస్తే? మెత్తటి బట్టలు, ఎత్తైన అంచులు, పడిపోదు, పాకి వెళ్ళలేదు. కిటికీలోంచి ఎడమవైపు చూస్తే తన కళ్ళెదురుగానే ఉంటుంది. వంగి పాపను ఎత్తి, ఉన్ని కోట్ల మీద పడుకోబెట్టి చూసింది.

"పిన్నీ, ఇటు చూడు. ఉయ్యాల లాగా ఎంత చక్కగా..."

కత్తెర నేల మీద పడింది. పిన్ని అంత వేగంగా కదలగలదని చంటమ్మ ఎన్నడూ అనుకోలేదు. పాప పెట్టెలోంచి పైకి లేచిపోయింది. పిన్ని రెండు చేతులూ దాని వీపుకు అతుక్కున్నాయి. మణికట్టు మీది సూదులు గుచ్చుకుంటాయేమోనని ఆ చేతిని వెనక్కి మెలిపెట్టి మరీ పట్టుకుంది.

"అందులో వద్దు." గొంతు పిన్నిది కాదు. "ఎందులోనన్నా పెట్టు. అందులో వద్దు."

పాప ఏడవలేదు. పిన్ని చెవిపోగు పట్టుకుని లాగింది.

చాలాసేపటికి పిన్ని బల్ల మీద కూర్చుంది. పాపను ఇవ్వలేదు, ఒళ్ళోనే ఉంచుకుంది.

"తాత పుస్తకం చూశావా?"

"చూశాను."

"ఆ ఆగింది నేనే."

చంటమ్మకు మొదట అర్థం కాలేదు. "గోడ మీద నీ ఫోటో లేదుగా పిన్నీ?"

"ఎందుకుంటుంది? నేను తొమ్మిది ఆటలే వేశాను. ఆ సినిమావిడ వారం రోజులు తెర పక్కన నిలబడి నన్ను చూసి నేర్చుకుంది. బాగానే నేర్చుకుంది, పాపం. తల ఎంత తిప్పానో అంతే తిప్పేది." పిన్ని పాప కాళ్ళకు గౌను లాగి సర్దింది. "నాకూ ఇంతే ఉండేది పాప. చూసే దిక్కు లేక బట్టల పెట్టెలో పడుకోబెట్టి, పెట్టెను ఎడమ తెర పక్కన పెట్టుకునేదాన్ని. పాడుతూ ఒక కన్ను అటే వేసేదాన్ని. ఆ రోజు మూడో చరణం అయ్యాక చూస్తే మూత వేసి ఉంది."

నడవలో ఎవరో నవ్వుకుంటూ పోయారు. అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా పిన్ని ఆగింది.

"మూత వేసి, పైన సామాను కూడా పెట్టారు. రెండు కత్తులు, ఒక లాంతరు. అవి ఇప్పటికీ కనిపిస్తాయి నాకు."

"పాపకి ఏమైంది పిన్నీ?"

"ఏమవుతుంది? ఏమీ కాలేదు. పాప నిద్రలేచి ఏడుస్తోందని సామాన్లు సర్దే అతను ఎత్తుకెళ్ళి వీధి గుమ్మం దగ్గర ఎండలో ఆడిస్తున్నాడు. ఖాళీ పెట్టె కదాని మూత వేశాడు. నా కూతురు ఇప్పుడు నీకంటే పెద్దది. పోస్టాఫీసులో పని. మోకాళ్ళకి మందు రాసుకోలేదని నిన్నే ఫోన్లో నా దుమ్ము దులిపింది."

"అబ్బ, చంపేశావు పిన్నీ! గుండె ఆగినంత పనైంది" అంటూ చంటమ్మ ఊపిరి వదిలి నవ్వబోయింది.

పిన్ని నవ్వలేదు. "ఏమీ కాలేదని పాటయ్యాక తెలిసింది. పాడేటప్పుడు తెలీదుగా. లోపల ఉందనే అనుకున్నాను. ఊపిరి ఆడటం లేదనే అనుకున్నాను. అనుకునే చివరి చరణం పాడాను. ఒక్కసారి కాదే, రెండుసార్లు. శ్రుతి పోలేదు. మాట తప్పలేదు. కిటికీ కూడా మెల్లగా మూశాను, ఎలా మూయమన్నారో అలా." ఆమె పాపను చంటమ్మ చేతుల్లో పెట్టింది. "అయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు. ఏం నటనమ్మా, ఏం నటన అన్నారు. తాత రాసుకున్నాడు."

వంగి, కత్తెర తీసుకుని, గౌను అంచు కత్తిరించింది.

"ఆదివారం నేను ఎడమ తెర పక్కన కుర్చీ వేసుకుని దీన్ని ఒళ్ళో పెట్టుకుంటాను. నువ్వు చూసినప్పుడు కనిపిస్తుంది. సరేనా? ఇక ఊపిరి తీసుకో."

*

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. పెద్ద కంపెనీ మనిషి నాలుగో వరసలో అంచు కుర్చీలో కూర్చున్నాడని పొడుగమ్మాయి తెర సందులోంచి చూసి వచ్చి చెప్పింది. "పొట్టిగా ఉన్నాడే. గుమాస్తాలా ఉన్నాడు. నీ బతుకు ఆ చిన్న చేతుల్లో ఉందంటే నమ్మబుద్ధి కావట్లేదు."

చంటమ్మ నాలుగు మెట్లెక్కి కిటికీ వెనక అరుగు మీద నిలబడింది. గుడ్డల మూటను ఎడమచేతి మీదికి తీసుకుంది. అక్కడ నుంచి చూస్తే కుర్చీ కనిపిస్తోంది. కుర్చీలో పిన్ని. పిన్ని ఒళ్ళో పాప, పచ్చ దుప్పటి. పాప నోట్లో తన బొటనవేలు. అంతా సవ్యంగా ఉంది. డైరెక్టరు అడిగింది ఎలా తేవాలా అని మాత్రమే ఆలోచించింది. పాప క్షేమంగా కనిపిస్తుంటే భయం ఎలా వస్తుంది? రాకపోతే ఇంతే, మళ్ళీ మూడో వరస. రెండూ కావాలని ఉంది ఆమెకు. ఏది ఎక్కువ కావాలో ఎవరూ అడగకపోతే బాగుండునని ఉంది.

దీపం ముఖం మీద పడింది. కిటికీ తీసింది.

మొదటి చరణం నిలబడింది. రెండోదానికి హాలు సద్దుమణిగింది. దీపం వెలుగులో కళ్ళు చెదిరి పక్కన ఏమీ కనపడటం లేదు. *ఎవరివో ఆ అడుగు సవ్వడి, ఎవరు మెట్లు ఎక్కేరే* అని ముగించి ఆగింది. ఎడమవైపు చూసింది.

అప్పుడే గోడ ఏడ్చింది.

వీపు వెనక నుంచి మొదలై తల మీదుగా పాకింది ఆ శబ్దం. సన్నగా, సాగదీసి, నోరు మూసి ఏడ్చే మనిషి ముక్కులోంచి వచ్చినట్టు. పియానో మాస్టారి చేతులు గాలిలో నిలిచిపోవడం ఆమె కంటి చివర కనిపించింది. గోడ ఏడుస్తోంది. పాత్ర పట్టింది. ఆ ఒక్క క్షణం ఆమె ఒళ్ళు పులకరించింది కూడా.

తర్వాత కళ్ళు చీకటికి అలవాటుపడ్డాయి. కుర్చీ ఖాళీగా ఉంది. పచ్చ దుప్పటి నేల మీద పడి ఉంది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

హాల్లో ఒక్క దగ్గు లేదు. ఆరువందల మంది ఆమె ముఖం చూస్తున్నారు. పియానో మీద చివరి చరణం ఎత్తుగడ మోగింది. గొంతులో పాట సిద్ధంగా ఉంది, నోరు తెరిస్తే చాలు, దానంతట అదే వచ్చేస్తుంది. ఆ సంగతి తెలిసినప్పుడు ఆమెకు కుర్చీని చూసిన దానికంటే ఎక్కువ భయం వేసింది. పియానో మీద ఎత్తుగడ మళ్ళీ మోగింది.

చంటమ్మ గుడ్డల మూటను కిటికీ గట్టు మీద పెట్టి మెట్లు దిగింది.

తెర దాటింది. దుప్పటి తీసుకుంది, ఇంకా వెచ్చగానే ఉంది. నడవలోకి వెళ్ళింది. నడవలో గోడ ఏడుపు ఇంకా పెద్దగా ఉంది. అది గోడలోని నీళ్ళగొట్టం. గొట్టం వెంబడే పోతే నడవ చివర బట్టలుతికే తొట్టి. దాని మీద కుళాయి పూర్తిగా తిప్పి ఉంది. నీళ్ళు తొట్టి అంచులు దాటి నేల మీద పారుతున్నాయి. ఆ నీళ్ళలో పిన్ని నిలబడి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒక చెవికి అరచెయ్యి, ఇంకో చెవికి పాప తల.

చంటమ్మ కుళాయి కట్టేసింది. గోడ మూగబోయింది. పిన్ని కళ్ళు తెరిచింది. ఎదుట చంటమ్మను, తన చేతుల్లోని పాపను, నీళ్ళను చూసుకుంది.

"నేను రాలేదే" అంది. "నా కాళ్ళు తీసుకొచ్చాయి. మూడో చరణం వస్తే ఈ కాళ్ళు ఇక్కడికే వస్తాయి. ముప్ఫై ఏళ్ళుగా... ఈ పాట వినపడకుండా కుళాయి తిప్పేసుకుని... దేవుడా, దీన్నీ తీసుకొచ్చేశాను."

పాప నీళ్ళ చప్పుడు ఆగిపోయినందుకు ఏడుపు లంకించుకుంది. చంటమ్మ దాన్ని ఎత్తుకుని దుప్పటి చుట్టింది. ఊరుకోబెట్టడానికి నోటికి ఏది వస్తే అది పాడింది. నోటికి వచ్చింది అదే. *గాలి తల్లీ, గాలి అంతే, గడప దాటి ఎవరు రారే.* పెద్దగా పాడలేదు. కానీ నడవ బోలుగా ఉంటుంది, పాట దానంతట అదే రంగం మీదికి నడిచి వెళ్ళింది. ఒక్కసారే పాడింది. పాప ఊరుకుంది.

అవతల హాల్లో, ఎవరూ లేని కిటికీ వైపు ఆరువందల మంది చూస్తూ కూర్చున్నారు. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత వినపడిన చప్పుడు వాన పడినట్టు ఉంది. అది చప్పట్లని ఆమెకు వెంటనే తెలియలేదు.

*

ఆట ముగిశాక డైరెక్టరు మఫ్లరు పీక్కుంటూ నడవలోకి వచ్చాడు. నోరు తెరిచాడు. వెనకే పెద్ద కంపెనీ మనిషి వచ్చాడు. డైరెక్టరు తెరిచిన నోరు నవ్వుగా మార్చుకున్నాడు.

"ఆ ఖాళీ కిటికీ..." అన్నాడు పొట్టి మనిషి, మెల్లగా. చాలా మర్యాదస్థుడు. "ముప్ఫై ఏళ్ళుగా నడుస్తున్న నాటకం. ఇంతకాలం ఆ పాటను అందరూ ఒకేలా పాడారు. తల్లిని తీసేయాలన్న ఆలోచన ఎవరిదండీ?"

"మా కంపెనీ పద్ధతే అండి, ఎప్పటికప్పుడు ఏదో కొత్తగా..." అన్నాడు డైరెక్టరు.

పొట్టి మనిషి చంటమ్మ వైపు తిరిగాడు. "మీ ముఖం చూశానమ్మా. అలాంటి ముఖం ఈ మధ్య చూడలేదు. మంగళవారం మధ్యాహ్నం మా వాళ్ళను తీసుకొస్తాను. ఇదే కావాలి. ఆ ముఖం, ఆ దిగిపోవడం, దూరం నుంచి ఆ ఒక్క చరణం. ఏదీ మారకూడదు. మళ్ళీ చేయగలరు కదా?"

"చేస్తుందండీ" అన్నాడు డైరెక్టరు.

చంటమ్మ భుజం మీద పాప నిద్రపోయింది. ఆమె తల ఊపింది. వద్దని ఊపాలో సరేనని ఊపాలో తేల్చుకోకముందే తల ఊగిపోయింది. అది సరేననే లెక్కలోకి వెళ్ళింది.

పుస్తకం తాత బల్ల మీద పుస్తకం తెరిచి రబ్బరుతో చెరుపుతున్నాడు. ముప్ఫై ఏళ్ళ పెన్సిల్ ఒకపట్టాన పోదు. కాగితం నూగు లేచేదాకా రుద్దాడు. చెత్తను చిటికెన వేలితో తోసేసి, పెన్సిల్ మొన నాలుక మీద తడి చేసుకుని రాశాడు. *ఆగాలి. ఎడమవైపు చూడాలి. నాలుగు మాత్రలు. మూట గట్టు మీద పెట్టి దిగిపోవాలి. కిటికీ ఖాళీ. చివరి చరణం నడవలోంచి, ఒకసారే.*

"ఎందుకు దిగానో రాయవా తాతా?" అంది చంటమ్మ.

"చూసింది రాస్తానమ్మా. చూడనిది ఎలా రాస్తాను?"

*

మంగళవారం మధ్యాహ్నం పిన్ని తనంతట తానే వచ్చి కుర్చీలో కూర్చుంది. నడుముకూ కుర్చీ వీపుకూ కలిపి గట్టిగా ఒక తాడు కట్టుకుంది. పొడుగమ్మాయి చూసి, "ఏం పిన్నీ, విమానమెక్కావా?" అంది. "నోర్ముయ్యి" అంది పిన్ని. పాపను ఒళ్ళో నిలబెట్టి పట్టుకుంది. "ఇవాళ కదలనే. ఇల్లు తగలబడినా కదలను. నువ్వు చూసినప్పుడు నీ పిల్ల నీకు కనిపిస్తుంది, నాది పూచీ. విందాం, ఈ పాట ఎలా ఉంటుందో. ముప్ఫై ఏళ్ళయింది."

నాలుగో వరసలో ఇప్పుడు ఐదుగురు.

చంటమ్మ మెట్లెక్కింది, కిటికీ తీసింది, పాడింది. గొంతు ఆదివారం కంటే నిలకడగా ఉంది. మూడో చరణం ముగించి ఎడమవైపు చూసింది. గోడ ఏడవలేదు. గొట్టంలో చుక్క నీరు కదలలేదు. హాలంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే పాప కిచకిచ నవ్వటం కూడా ఆమెకు వినిపించింది. కుర్చీలో పాప ఉంది. తల్లిని గుర్తుపట్టింది. కింది చిగురు మీద మొలిచిన రెండు పళ్ళూ చూపించి, రెండు చేతులూ చాచి ఎగిరింది.

నవ్వు ముఖంలోకి రాబోయింది. అది రాకూడదు. నాలుగో వరసలో ఐదుగురున్నారు.

చంటమ్మ తన పాపను చూస్తూనే, ఆ కుర్చీ ఖాళీ అనుకుంది. ఆ దుప్పటి నేల మీద ఉందనుకుంది. అనుకోవడానికి కష్టపడాల్సి వస్తుందేమోనని భయపడింది గానీ ఏమీ కష్టం కాలేదు. వేలు చూపి పిలిస్తే వచ్చే కుక్కపిల్లలా భయం వచ్చేసింది. కాళ్ళలోకి వచ్చింది, పొట్టలోకి వచ్చింది, ముఖంలోకి వచ్చి కూర్చుంది. ఆదివారం నాటిదే, అచ్చం అదే. ఎక్కడా వెలితి లేదు. హాలు మొత్తం ఒక్కసారిగా ఊపిరి లోపలికి పీల్చడం ఆమె విన్నది.

కుర్చీలో పిన్ని కూడా ఆ ముఖాన్ని చూసింది. కాసేపు కళ్ళార్పకుండా చూసింది. తర్వాత, చప్పుడు కాకుండా, పాప తల వెనక అరచెయ్యి వేసి, ఆ నవ్వే ముఖాన్ని మెల్లగా తన భుజం వైపు తిప్పేసింది, తల్లి కనపడకుండా.

చంటమ్మ అది చూసింది. చూస్తూనే, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సరిగ్గా లెక్కపెట్టుకుని, మూటను గట్టు మీద పెట్టి, మొదటి మెట్టు దిగింది.